పిచ్చుక కొలతలు

రండి పిల్లలూ, ముందుకు జరగండి. గోడవారగా కూర్చున్నవాళ్ళు కూడా చాప మీదికి వచ్చెయ్యండి. ఒరేయ్ పొడుగోడా, నువ్వు వెనక కూర్చో నాయనా, నీ వెనకున్న పిల్లకి నీ వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. హాఁ, అలాగ. ఈ కథలో కొన్ని మాటలు గట్టిగా చెప్పేవి కావు. దగ్గరగా ఉంటేనే వినపడతాయి.

ఒక కుట్టు దుకాణం ఉండేది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు నడిపేవాళ్ళు. అక్క గుడ్డ కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. చెల్లెలికి కంప్యూటరు పని కూడా వచ్చు కాబట్టి దుకాణానికి ఒక వెబ్‌సైటు పెట్టింది. బయటికి రావడానికి తీరికలేని ఆడవాళ్ళు తమ కొలతలు అందులో రాసుకుంటే చాలు, బట్టలు కుట్టి ఇంటికే పంపేవాళ్ళు. ఒక్కొక్కరికి ‘నా కొలతలు’ అని ఒక పేజీ. పాస్‌వర్డ్ కొడితేగానీ ఆ పేజీ తెరుచుకోదు. ఒకరి కొలతలు ఇంకొకరి కంటపడితే గొడవలైపోవూ?

చెల్లెలికి ఒక కూతురు. అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్ళు. మనిషి అంతే ఉండేది మరి. తోటిపిల్లల భుజాల దాకా వచ్చేది, అంతే. “కంగారేం లేదమ్మా, కొందరు ఆలస్యంగా ఎదుగుతారు” అన్నాడు డాక్టరు. ఆ మాట తల్లి చెవికెక్కలేదు. నెల తిరిగేసరికి, పిల్ల నిద్రపోయాక, మెడలో వేలాడే టేపు తీసి గుట్టుగా కొలిచేది. భుజం, చెయ్యి, నడుము, తల నుంచి మడమ దాకా. ఆ అంకెలు ఎక్కడా రాసేది కాదు. రాస్తే ఎవరైనా చూస్తారని భయం. మనసులోనే పెట్టుకునేది. నెలలు గడుస్తున్నా అవి కదిలేవి కావు. ఆవిడ ప్రాణమంతా ఆ టేపు మీద గీతల మధ్యే ఇరుక్కుని ఉండేది.

ఇక సైటు సంగతి. అది మహా నిదానం. పేజీ తెరవమంటే తెల్లటి తెర మీద ఓ చక్రం గిరగిరా తిరుగుతూ కూర్చునేది. విసుగొచ్చి సగంమంది వెళ్ళిపోయేవాళ్ళు.

“మరదలా, నీ సైటు తెరుచుకునేలోపు నేనే ఇంటింటికీ వెళ్ళి కొలతలు తీసుకొస్తాను” అనేవాడు బావ.

“నువ్వు కొలుస్తానంటే ఊళ్ళో ఒక్క తలుపూ తెరుచుకోదు. ఆ చక్రమే నయం” అనేది అక్క.

అందుకని చెల్లెలు ఒక ప్లగిన్ పెడదామనుకుంది. అదేమిటో మీకు అర్థమయ్యేలా చెబుతాను. మీరు ఒక్కొక్కరే వచ్చి పటం గీయమని అడిగారనుకోండి. అడిగిన ప్రతిసారీ బోర్డు మీద మొదట్నించీ గీస్తే నాకు పొద్దుపోతుంది. అదే ఒకసారి కాగితం మీద గీసి గోడకి తగిలిస్తే? అడిగినవాడికి వేలితో చూపిస్తే సరిపోతుంది. ఆ ప్లగిన్ చేసేది కూడా అదే. ఒకసారి కట్టిన పేజీకి నకలు తీసి దాచిపెట్టి, అడిగినవాళ్ళకి ఆ నకలే అందిస్తుంది. దాన్నే క్యాష్ అంటారు. అసలు మారితే పాత నకలు చింపేసి కొత్తది తియ్యాలి. దానికి ‘ఖాళీ చెయ్యి’ అని ఒక మీట. చింపేసిన నకలు మళ్ళీ రాదు. ఆ ప్లగిన్‌లో ఇంకో సదుపాయం కూడా ఉంది. ఎవరూ అడక్కముందే సైటులో గది గదికీ తిరిగి నకళ్ళు తీసిపెట్టే ఒక చిన్న ప్రోగ్రాము. మనిషి కాదు. మనం నడకగాడు అని పిలుచుకుందాం. నడకగాడికి పాస్‌వర్డు ఉండదు. తాళం వేసిన గది దగ్గరికి వస్తే గుమ్మంలోంచే వెనక్కి తిరగాలి.

ఒకరోజు సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. బయట వాన. అక్కాబావలు ఇంటికి వెళ్ళిపోయారు. చెల్లెలు షట్టరు సగం దించి కంప్యూటరు ముందు కూర్చుంది. వెనక, ట్రయల్ రూము తెర పక్కన, లైనింగు గుడ్డల కుప్ప మీద పిచ్చుక నిద్రపోతోంది. ఒంటి మీద పెద్దమ్మ ముచ్చటపడి తనే కుట్టిన పచ్చగౌను, పైన ఒక దుప్పటి. దుకాణమంతా మిషను నూనె వాసన, గంజి వాసన, తడి రేకు వాసన.

ప్లగిన్ ఎక్కింది. ఒక్కొక్క మీటా చదివి నొక్కుకుంటూ పోయింది. ‘పాస్‌వర్డుతో వచ్చినవాళ్ళ పేజీలు కూడా దాచాలా?’ అని అడిగింది ప్లగిన్. వచ్చేవాళ్ళంతా పాస్‌వర్డుతోనే కదా వచ్చేది, వాళ్ళకేగా తొందరగా తెరుచుకోవాల్సింది అనుకుని, అవునని టిక్కు పెట్టింది. నడకగాణ్ణి కూడా బయలుదేరమంది.

సైటు తెరిచి చూస్తే... కన్ను మూసి తెరిచేలోపు పేజీ! చక్రం లేదు, గిక్రం లేదు. ఆవిడ ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది.

అంతలో ఫోను మోగింది. ఎప్పుడూ వచ్చే లెక్చరరు గారు.

“అమ్మాయ్, నా కొలతలేంటి ఇలా అయిపోయాయి? నడుము చూస్తే బొమ్మ నడుములా ఉంది. ఒక్కరోజులో ఇంత సన్నబడితే నాకూ సంతోషమే గానీ, నువ్వు అలాగే కుట్టేస్తే జాకెట్టు నా మోచేతికి కూడా ఎక్కదు!”

ఆ ఫోను పెట్టగానే ఇంకొకటి. వాళ్ళదీ అదే గోల. వాళ్ళకీ అవే కొలతలు.

చెల్లెలు నుదురు కొట్టుకుంది. తప్పు తనదే. పాస్‌వర్డుతో వచ్చినవాళ్ళ పేజీలు దాచకూడదు. అవి ఎవరివి వాళ్ళవి. మొదట ఎవరి పేజీకి నకలు పడిందో, అదే అందరికీ పంచేస్తోంది ప్లగిన్. మీలో ఒకడి మార్కుల కాగితం నకలు తీసి అందరి ఇళ్ళకీ పంపినట్టు. వెంటనే టిక్కు తీసేసింది. ఇంతకీ ఎవరి కొలతలవి అని ఆ పేజీ తెరిచింది.

పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీ.

కింద కొలతలు. చిన్న భుజం. చిన్న నడుము. చేతి పొడవు రెండు చోట్ల ఉంది. కుడిచెయ్యి. ఎడమచెయ్యి. ఎడమది అర అంగుళం తక్కువ.

ఆవిడ తెరకి ఇంకా దగ్గరగా వంగింది. ఆ పేజీ తయారుచేసింది తనే. అందులో చేతి పొడవుకి ఒకటే గడి పెట్టింది, రెండు పెట్టలేదు. పిచ్చుక చిన్నప్పుడు మంచం మీంచి పడి ఎడమచెయ్యి విరిగింది. అతుక్కుంది గానీ అర అంగుళం తగ్గింది. పెద్దమ్మకు తెలుసు. పెదనాన్నకు తెలుసు. మిగతా అంకెలూ పోయిన నెల తను కొలిచినవే, అవి మాత్రం తన మనసులో తప్ప ఎక్కడా లేవు.

ఇది ఎవరి పని? సైటు దస్తరంలో ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో పడుతుంది. చూసింది. ఆ పేజీ తెరిచింది నడకగాడే. గుమ్మంలోంచి వెనక్కి తిరగాల్సినవాడు లోపలికి వెళ్ళాడు. అంటే ఎవరో పాస్‌వర్డు ఇచ్చారు.

బావకు తన పాస్‌వర్డు తెలుసు. మొన్న పక్కనే నిలబడి టీ తాగుతూ చూశాడు. అక్క సంగతి? ‘పిల్లను పెద్ద డాక్టరుకి చూపించవే’ అని ఈ మధ్య రోజూ పోరుతోంది. తను వినడం లేదని ఇలా...? తను మిషను మీద తలవంచుకుని ఉన్నప్పుడు వెనకాల పిల్లను కొలిచి ఉంటుంది. ఎన్నిసార్లు కొలిచిందో? కొలిచి ఇంటికెళ్ళి మొగుడితో ఏమని చెప్పుకుందో? అక్క నవ్వులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇప్పుడు వాటికి వేరే అర్థాలు కనబడుతున్నాయి.

ఫోను చేసింది.

“అక్కా, పిచ్చుకను కొలిచావా?”

“నేనెందుకు కొలుస్తానే? దాని గౌనుకి టేపెందుకు, కంటితో చూస్తే చాలు నాకు.”

“మరి సైటులో దాని కొలతలు ఎవరు పెట్టారు?”

“ఏ సైటులో? నాకు ఫోనులో నీ నంబరు వెతకడమే రాదు, నీ ఫొటో చూసి నొక్కుతా.”

“బావకు నా పాస్‌వర్డు తెలుసు.”

“అంటే?”

“అంటే ఏం లేదు. నా కూతురు పొట్టిదని ఊరందరికీ చూపించాలని ఎవరికో సరదాగా ఉన్నట్టుంది.”

“నీ కూతురు, నా కూతురు అని ఎప్పట్నించే లెక్క మొదలైంది?” అంది అక్క. బావ ఫోను లాక్కున్నాడు. “మరదలా, ఏదో క్యాష్ పెడుతున్నావటగా. ఆ క్యాషేదో గల్లాపెట్టెలో పెట్టు తల్లీ, అక్కడ బల్లులు తిరుగుతున్నాయి.”

ఆవిడ ఫోను కట్ చేసింది. చూశావా, నవ్వుతున్నాడు! అనుకుంది.

‘ఖాళీ చెయ్యి’ మీట నొక్కింది. పేజీ మళ్ళీ తెరిచింది. పేరు ఖాళీయే. చేతులు రెండూ ఉన్నాయి. కానీ అంకెలు మారాయి. అన్నీ కొంచెం కొంచెం పెరిగాయి. పొడవు ఒక అంగుళం ఎక్కువ.

“ఓహో,” అని పళ్ళు కొరికింది. “జాలిపడి పెంచి రాశారన్నమాట.” ఈ దొంగలెక్క వాళ్ళ మొహాన కొడదామని మెడలోని టేపు తీసుకుని వెళ్ళి దుప్పటి తొలగించింది. పిచ్చుక ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంది. తల దగ్గర టేపు పట్టి, మడమ దాకా లాగింది.

సరిగ్గా అంత ఉంది.

మళ్ళీ కొలిచింది. అంతే.

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఎదిగింది! నా తల్లి ఎదిగింది! పోయిన నెల తనే తప్పుగా కొలిచి ఉంటుంది. నిద్రలో పిల్ల కాళ్ళు ముడుచుకుని ఉంటుంది. ఎన్ని సర్దుబాట్లు చెప్పుకుందో. అన్నీ చెప్పుకున్నాక, మళ్ళీ వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. మీట వైపు చూసింది.

ఇంకొక్కసారి. అంతే. తోటిపిల్లల భుజాలు దాటితే చాలు.

నొక్కింది.

వెనకాల... పట్.

చిన్న చప్పుడు. దారం తెగినట్టు. కుట్టుపని చేసేవాళ్ళకి ఆ చప్పుడు వేరే చెప్పక్కర్లేదు. ఒంటికి చాలని బట్ట తొడిగినప్పుడు చంక దగ్గర కుట్టు తెగే చప్పుడు అది.

ఆవిడ వెనక్కి తిరగలేదు. తెర మీద చూసింది. ఇంకో రెండు అంగుళాలు. లేచి వెళ్ళింది. దుప్పటి చివర రెండు పాదాలు బయటికి ఉన్నాయి. గౌను మోకాళ్ళ పైకి వచ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపో, నవ్వో, ఆవిడకే తెలీదు. చాలు. ఇక చాలు. ఇప్పుడు తోటివాళ్ళంత ఉంది. ఇక ముట్టుకోను.

వచ్చి కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

తెర మీద అంకెలు మారాయి.

ఆవిడ మీట నొక్కలేదు.

పట్... పట్...

మళ్ళీ మారాయి. భుజం. నడుము. చేతులు. నడకగాడు వెళ్తున్నాడు, వస్తున్నాడు. తనే చింపుతున్నాడు, తనే కొత్తది తెస్తున్నాడు. ఇప్పుడవి పిల్ల కొలతలు కావు. ఈడొచ్చిన పిల్లవి. తడిసిన గంజిగుడ్డ వాసన గుప్పుమంది. వెనక గుడ్డల కుప్ప కిర్రుమంది, బరువు ఎక్కినట్టు.

“అమ్మా... చలేస్తోంది.”

గొంతు పిచ్చుకదే. ఆవిడ పరుగెత్తి మెయిన్ స్విచ్ లాగేసింది. చీకటి. కంప్యూటరు ఆరిపోయింది. రేకు మీద వాన.

పట్...

సైటు ఉండేది దుకాణంలో కాదు పిల్లలూ, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద మిషనులో. దుకాణంలో దీపం ఆర్పితే దానికేం తెలుస్తుంది? చేతిలో ఫోను వెలిగింది. అదే పేజీ. అంకెలు కదులుతున్నాయి.

“అమ్మా... చలేస్తోంది.”

ఈసారి గొంతు పిచ్చుకది కాదు. ఎవరో పెద్దావిడది. చెల్లెలు ఎప్పుడూ వినని గొంతు... అయినా ఎక్కడో తన గొంతులాగే ఉంది.

అక్క ఫొటో నొక్కింది. “అక్కా...”

“ఏంటి, ఇంకా తిట్టడం మిగిలిందా?”

“రా.”

“ఏమే, గొంతేంటి అలా ఉంది?”

“లైటు తీసుకుని రా. పరుగెత్తి రా.”

పాత నకలు ఒక్కటి దొరికితే! చిన్న పిచ్చుక ఉన్న నకలు... లేదు. చింపేసింది. తన చేత్తో తనే చింపేసింది. గోడకి ఆనుకుని కిందికి జారింది. చీకట్లో ఏదో లేచి కూర్చున్న చప్పుడు. పొడవాటి ఊపిరి.

అప్పుడు తట్టింది. నకలు పోతే పోయింది. నకలు దేన్ని చూసి తీస్తారు? అసలుని చూసి. అసలుని మారిస్తే?

ఫోనులోనే సైటు వెనకవైపు, దుకాణంవాళ్ళు మాత్రమే వెళ్ళే చోటికి వెళ్ళింది. ఖాతాదారుల్లో ఒకటి పేరు లేకుండా ఉంది. తెరిచింది. అంకెలన్నీ చెరిపింది. మనసులోవి ఒక్కొక్కటే రాయసాగింది. భుజం. నడుము. కుడిచెయ్యి. ఎడమచెయ్యి దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. అర అంగుళం ఎక్కువ రాస్తే? చేతులు రెండూ సమానమవుతాయి. పొడవు దగ్గర మళ్ళీ ఆగింది. ఒక్క అంగుళం. ఒక్కటే. ఎవరికి తెలుస్తుంది?

చీకట్లో బరువైన అడుగు ఒకటి నేల మీద పడింది.

“వద్దు,” అంది గుసగుసగా. “నాకు నా పిల్ల చాలు. ఎంతుంటే అంతే చాలు.” ఉన్నది ఉన్నట్టు రాసింది. ఎడమచెయ్యి అర అంగుళం తక్కువ. పొడవు పోయిన నెల ఎంతో అంత.

‘పేరు లేకుండా దాచలేం’ అంది సైటు.

పేరు ఎవరికి కావాలి? ఇంతసేపూ పేరు లేకుండానే దాచాడుగా నడకగాడు? రాస్తే పిల్ల పేరు కూడా వాడికి తెలిసిపోదూ?

రెండో అడుగు. ఇంకా దగ్గరగా. చల్లటి వేళ్ళేవో జుట్టుకి తగిలాయి.

కళ్ళు మూసుకుని రాసేసింది. పిచ్చుక. ‘ఖాళీ చెయ్యి’ నొక్కింది.

తెల్లటి తెర. చక్రం తిరుగుతోంది. తిరుగుతోంది...

తెరుచుకుంది.

షట్టరు దడదడా మోగింది. “కరెంటు తీసేసి ఏం చేస్తున్నావే లోపల?” అక్క టార్చి పట్టుకుని వంగి లోపలికి వచ్చింది, వెనకే తడిసిన బావ. టార్చి వెలుగు మూల నుంచి మూలకి తిరిగి గుడ్డల కుప్ప మీద ఆగింది.

పిచ్చుక ముడుచుకుని పడుకుని ఉంది. చిన్నగా. ఎప్పటిలాగే. పచ్చగౌను మాత్రం రెండు పక్కలా కింది దాకా విచ్చుకుని ఉంది.

“ఇదేంటే!” అంది అక్క. “నా చేత్తో వేసిన కుట్టు. ఏనుగుకి తొడిగినా తెగదే ఇది!”

చెల్లెలు అక్కను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. క్షమించమని అడిగింది. “సర్లే, రేపు మాట్లాడుకుందాం” అంది అక్క. బావకు జోకు ఏదో నోటిదాకా వచ్చింది గానీ, ఆవిడ మొహం చూసి మింగేశాడు.

మర్నాడే చెల్లెలు ప్లగిన్ పీకేసింది. చక్రం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. లెక్చరరు గారు మళ్ళీ విసుక్కున్నారు. ఎవరేమన్నా ఆవిడ పట్టించుకోలేదు. పిల్లను టేపుతో కొలవడం కూడా మానేసింది.

కొన్నాళ్ళకి పిచ్చుక గౌను దానంతటదే పొట్టిదైంది. “చూశావా, డాక్టరు చెప్పలా?” అంది అక్క. “ఎదుగుతుందే! రా, ఇద్దరం కలిసి కొలుద్దాం. దొంగతనంగా కాదు, పట్టపగలు.” పిచ్చుకను గుమ్మానికి ఆనించి నిలబెట్టారు. ముప్పావు అంగుళం! అక్క ఎగిరి గంతేసింది. బెల్లం ముక్క తెస్తానని లోపలికి పరుగెత్తింది.

చెల్లెలు టేపు చుట్టుకుంటూ, కూతురు నుదుటి మీద ముద్దుపెట్టడానికి వంగింది. పిచ్చుక ఆవిడ మెడ చుట్టూ చేతులేసి, చెవి దగ్గర నోరు పెట్టింది. పెద్దమ్మకు వినపడకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

“అమ్మా... ఈసారి మెల్లగానే పెరుగుతున్నా కదూ?”

ఆవిడ ఏమని బదులిచ్చిందో నాకు తెలీదు. అడక్కండి.

ఇక లేవండి. చాప మడవండి. పొద్దుపోయింది, ఇళ్ళల్లో మీ అమ్మలు కంచాలు పెట్టుకుని చూస్తుంటారు. చేతులు పట్టుకుని ఇద్దరిద్దరుగా వెళ్ళండి. వెళ్ళి వేడివేడిగా తినండి.